లూవ్ర్ మ్యూజియం దగ్గర జేబుకి చిల్లు పడని ఫ్రెంచ్ లంచ్ ఎక్కడ? (అమ్మ వెజ్, నాన్న చికెన్ వరకే)

పెసరట్టు_ఉప్మా
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను స్టుట్‌గార్ట్‌లో ఉంటా, అమ్మా నాన్నా రాజమండ్రి నుంచి వచ్చారు, వచ్చే వారం పారిస్ తీసుకెళ్తున్నా. సోమవారం పొద్దున 9 గంటల స్లాట్‌కి లూవ్ర్ టికెట్లు తీసేశా. నాది జర్మనీ రెసిడెన్స్ కాబట్టి 22 యూరోలు, వాళ్ళిద్దరికీ మాత్రం 32 చొప్పున పడింది, 2026 జనవరి నుంచి యూరప్ బయటి వాళ్ళకి పెంచేశారంట. టికెట్లకే 86 పోయాక లంచ్‌కి ఇంకెంత వదుల్తుందో అని భయంగా ఉంది.
నాన్నకి ఒక్క పూటైనా అసలు ఫ్రెంచ్ భోజనం తినాలని ఉంది, పిజ్జా బర్గర్ వద్దంటున్నారు. ఆయన చికెన్, చేప తింటారు, బీఫ్ పోర్క్ వద్దు. అమ్మ వెజ్, గుడ్డు కేకులో కలిసిపోతే పర్లేదు గానీ గుడ్డు గుడ్డులా కనపడిందంటే ప్లేట్ పక్కకి నెట్టేస్తుంది. మనిషికి 25 లోపు కూర్చుని తినే చోటు ఏదైనా ఉందా? నాన్నకి మోకాళ్ళు, ఎక్కువ నడవలేరు.

ఉల్లికారం
పారిస్ వెళ్ళి అమ్మని వెజ్ ఫ్రెంచ్ తినిపిస్తావా 😂 పులిహోర కట్టించుకుని పో తమ్ముడూ

లైన్7_ప్రయాణికుడు
తమ్ముడూ, తిండి సంగతి తర్వాత, ముందు ఒకటి చెప్తా. లూవ్ర్‌లోంచి ఒకసారి బయటికొస్తే అదే టికెట్‌తో మళ్ళీ లోపలికి రానివ్వరు. "మధ్యలో లంచ్ చేసొచ్చి మిగతాది చూద్దాం" అనుకుని వచ్చి గేటు దగ్గర గొడవ పడే మనవాళ్ళని చూశా. కాబట్టి నీ లంచ్ అంటే మ్యూజియం అయిపోయినట్టే. 9కి వెళ్ళి 12:30కి బయటపడాలి, ఎందుకంటే ఇక్కడ మామూలు రెస్టారెంట్లలో వంటగది 12 నుంచి 2 వరకే, కొన్ని 2:30 దాకా. ఆ తర్వాత వెళ్తే కుర్చీలుంటాయి, మనుషులుంటారు, పొయ్యి ఉండదు, మళ్ళీ రాత్రి 7కే.

నా ఆఫీసు బూర్స్ (పాత స్టాక్ ఎక్స్ఛేంజ్) దగ్గర, పదేళ్ళ నుంచి మధ్యాహ్నం ఆ చుట్టుపక్కలే తింటున్నా, తెలిసింది చెప్తా. రివోలి వీధి మీద, లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్ కనపడే చోట ఎక్కడా కూర్చోవద్దు. పిరమిడ్ దగ్గర్నుంచి ఉత్తరం వైపు కమాను కిందుగా వచ్చి రివోలి దాటితే పలే రోయాల్. అక్కడ పెద్ద ఆవరణలో నలుపు తెలుపు చారల స్తంభాలుంటాయి, పొట్టివీ పొడుగువీ కలిపి 260, అందరూ ఎక్కి ఫోటోలు దిగుతారు. అది దాటి తోటలోంచి నేరుగా వెళ్ళి అవతల వైపు బయటికొస్తే ర్యూ దె పెతీ షాం అనే వీధి. మొత్తం పది నిమిషాలు, మీ నాన్నగారికి పదిహేను అనుకో, తోట నిండా కుర్చీలే, మధ్యలో కూర్చోవచ్చు. ఆ వీధి నుంచి బూర్స్ దాకా ఉన్న సందుల్లో బ్యాంకుల వాళ్ళు, లాయర్లు, మా లాంటి ఐటీ వాళ్ళు తింటారు. రోజూ వచ్చే వాళ్ళకి చెత్త పెడితే రేపు రారు కదా, టూరిస్టుకి ఏం పెట్టినా రేపు ఎలాగూ రాడు. తేడా అంతా అక్కడే ఉంది.

అక్కడ గుమ్మం బయట నల్ల పలక మీద సుద్దతో "ఫోర్ముల్ మిది" అని రాసుంటుంది, మధ్యాహ్నం సెట్ భోజనం అన్నమాట. ఆంత్రే (స్టార్టర్) ప్లస్ ప్లా (మెయిన్), లేదా ప్లా ప్లస్ దెసేర్ (స్వీట్), 18 నుంచి 24 మధ్య. మూడూ కావాలంటే ఇంకో నాలుగైదు. ఆ రేటు ఊరికే రాలేదు, ఇక్కడ కంపెనీలు లంచ్ కార్డు ఇస్తాయి, మన సొడెక్సో లాంటిది, సగం పైన కంపెనీయే కడుతుంది, రోజుకి 25 యూరోల వరకే గీకొచ్చు. హోటల్ వాడు ఆ 25 దాటకుండా చూసుకుంటాడు. అందుకే అదే హోటల్లో అదే వంటవాడు చేసిన అదే ముక్క రాత్రికి 10 యూరోలు ఎక్కువ, శని ఆదివారాలు పలకే ఉండదు. నువ్వు సోమవారం వెళ్తున్నావు, అదృష్టం.

స్వాతి_డల్లాస్
అయ్యో ఈ థ్రెడ్ పోయిన ఏడాది చదివుంటే బావుండేది అండి. మేము నలుగురం మ్యూజియం నుంచి ఆకలితో పడిపోయేలా వచ్చి ఎదురుగా కనపడినదాంట్లో దూరాం. ఆరు భాషల్లో మెనూ, ప్రతి ఐటమ్‌కి ఫోటో, బయట ఒకాయన నిలబడి నమస్తే అని కూడా అన్నాడు, అప్పుడే అర్థం కావాల్సింది. ఆనియన్ సూప్ గోరువెచ్చగా వచ్చింది, పైన చీజ్ చల్లారి అట్టలా అయిపోయింది, స్పూన్‌తో లేపితే మొత్తం అప్పడంలా లేచింది. పిల్లలకి రెండు కోక్‌లు 16 యూరోలు. మొత్తం 140. మా వారు ఇప్పటికీ ఇంట్లో సూప్ పెడితే "ఇది 16 యూరోలదా 20 యూరోలదా" అంటారు.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా, అమెరికాలో ఆంత్రే అంటే మెయిన్ డిష్ కదా, ఇక్కడ స్టార్టర్. మేము నలుగురం నాలుగు ఆంత్రేలు చెప్పి ఇంత చిన్న ప్లేట్లేంటా అని చూసుకున్నాం.

పెసరట్టు_ఉప్మా
అన్నా చాలా థ్యాంక్స్, బయటికొస్తే మళ్ళీ రానివ్వరని నిజంగా తెలీదు. ఏదైనా పేరు చెప్తారా? అమ్మ విషయం కూడా.

లైన్7_ప్రయాణికుడు
పేర్లంటే, ర్యూ ద లా వ్రియ్యేర్‌లో బిస్ట్రో విక్ట్వార్ ఉంది, పాతకాలం అద్దాలు, ఇరుకు టేబుళ్ళు, ప్లేట్ రేట్లే తక్కువ. బాతు కాలు కన్ఫీ అక్కడ తిను, దాని కొవ్వులోనే సన్న మంట మీద గంటలు గంటలు మగ్గించి, చివర్లో పైతోలు కరకరలాడేలా వేయిస్తారు, ఫోర్క్ పెడితే ఎముక నుంచి తనే ఊడొస్తుంది. నాన్నగారు బాతు తింటారా అడుగు, గోదావరి జిల్లా వాళ్ళు బాతు అంటే కాదనరే.
మిగతావి పేర్లతో వెతక్కు. పలక చూడు. పలక మీద ప్లా దు జూర్, అంటే ఆ రోజు స్పెషల్, ఒకటో రెండో ఉండాలి, చేత్తో రాసుండాలి, నిన్నటిది తుడిచిన మరక ఉంటే ఇంకా మంచిది. నలభై ఐటమ్‌లు ఉన్నాయంటే వెనక ఫ్రీజర్, మైక్రోవేవ్ ఉన్నట్టే. గిన్నె మీద ఇంటి కప్పు పెట్టినట్టు ఒక బొమ్మ కనపడుతుంది చూడు, అది "ఫే మేజోన్", అక్కడే వండినదని గుర్తు, 2014 నుంచి ఉంది. అది లేకపోతే బాగోదని కాదు, చాలామంది పెట్టుకోరు.
అమ్మగారి సంగతి నాకంటే ఆడవాళ్ళకి బాగా తెలుస్తుంది.

కూరగాయల_కమల
వచ్చాను వచ్చాను 🙋‍♀️ పన్నెండేళ్ళుగా ఈ దేశంలో వెజ్‌గా బతుకుతున్నా, నన్నడగాలి.

ముందు ఇది గుర్తు పెట్టుకో నాన్నా, "సాన్ వియాండ్", అంటే మాంసం లేకుండా, అని చెప్తే సరిపోదు. వాళ్ళకి మాంసం అంటే ప్లేట్‌లో కనపడే ముక్క. సన్నగా తరిగిన పంది ముక్కలు, లార్దోన్ అంటారు, అవి వాళ్ళ లెక్కలో పోపు లాంటివి! మేక చీజ్ సలాడ్ చెప్పానా, పైన ఈ ముక్కలు చల్లి తెచ్చాడు, ఇదేంటయ్యా అంటే "ఇవి లార్దోన్‌లే మేడమ్" అన్నాడు, చాలా మర్యాదగా. అందుకే వరసగా చెప్పాలి: మాంసం వద్దు, చేప వద్దు, లార్దోన్ వద్దు, జాంబోన్ (హామ్) వద్దు. నేనైతే ఫోన్‌లో రాసి పెట్టుకుని చూపిస్తా.
ఆనియన్ సూప్ మామూలుగా ఎముకల రసంతో చేస్తారు, పేరు చూసి మోసపోవద్దు. కిష్ లోరెన్‌లో పంది, క్రోక్ మస్యూలో పంది, పప్పు అని సంబరపడకు, లెంటిల్స్‌లోనూ చాలాసార్లు పంది. చీజ్‌లో రెన్నెట్ (పాలు విరగడానికి వేసేది, దూడ కడుపులోంచి తీస్తారు) గురించి నేను ఆలోచించడం మానేశా, అమ్మగారికి నువ్వూ చెప్పకు.

సరే ఏం తినాలి? పోరో వినెగ్రెత్: ఉల్లికాడలకి పెద్దన్న లాంటి కాడ, ఉడకబెట్టి చల్లార్చి ఆవపిండి సాస్ పోస్తారు, మన ఆవ పెట్టిన కూర గుర్తొస్తుంది నిజంగా. కొన్ని చోట్ల పైన ఉడికిన గుడ్డు తురుముతారు, ముందే చెప్పు. తురిమిన క్యారెట్ నిమ్మరసంతో. గ్రాతాన్ దోఫినువా, ఆలుగడ్డ చక్రాలు మీగడలో ఓవెన్‌లో పెట్టినది, అది మాంసం పక్కన సైడ్‌గా ఇస్తారు, "నాకు అదొక్కటే పెద్ద ప్లేట్‌లో ఇవ్వు" అని అడగొచ్చు, లంచ్ రష్ మొదలవకముందు 12కి వెళ్తే చక్కగా ఇస్తారు, 1కి అడిగితే విసుక్కుంటారు. లేదా గలెట్, గోధుమ కాదు బక్‌వీట్ పిండి అట్టు, నల్లగా పలచగా, రవ్వదోశకి దూరపు చుట్టం. "కంప్లీట్" చెప్పకు, అందులో హామ్, గుడ్డు ఉంటాయి. చీజ్, పుట్టగొడుగులు అని చెప్పు.

ఉఫ్ మాయో అని ప్రతిచోటా కనపడుతుంది, అది ఉఫ్ అని ఊదేది కాదు, ఉడికిన గుడ్డు మీద మయోనీజ్. అమ్మగారి కళ్ళబడనివ్వకు.

చార్మినార్_చౌరస్తా
అక్కా మంచిగ చెప్పినవ్. అన్నా నా కథ గూడ ఇను. ఆఫీస్ పని మీద వోయిన, నాలుగు రోజులైంది అన్నం మొఖం చూడక, రొట్టె నమిలి నమిలి దవడలు గుంజుతున్నయ్. మెనూల "రీ ద వో" అని ఉంది. రీ అంటే రైస్ అని యాప్‌ల నేర్చుకున్న, ఎన్కాల వో అంటే ఏదో కూరగాయ అనుకున్న. రేటు 30 పైన ఉంది, ఫ్రెంచోళ్ళ బిర్యానీ కావచ్చు అని ధైర్యం జేసి చెప్పిన. వచ్చింది ప్లేట్, తెల్లగ మెత్తగ ఉండలు ఉండలుగ, పైన గోధుమ రంగుల వేయించి. ఒక్క మెతుకు లేదు. సగం తిన్నంక గూగుల్ కొట్టిన. బియ్యం "రీ" వేరేనంట, ఈ "రీ" వేరేనంట, రాతల చివరి అక్షరమే తేడా, పలికేది ఒక్కటే. ఇది లేగదూడ మెడకాడి గ్రంథి. ఇంట్ల ఇప్పటికీ చెప్పలే, మా నాయినమ్మకు తెల్సిందంటె గంగల ముంచి తీస్తది.

స్వాతి_డల్లాస్
😂😂 30 యూరోలు పెట్టి!!

యానాం_గోదారి
చార్మినార్ అన్నా, నువ్వు తినాల్సిన రీ వేరే ఉంది, రీ ఓ లే. బియ్యం పాలల్లో ఉడికించి పంచదార, వనిల్లా వేసి చల్లగా గిన్నెలో పెడతారు. నేను యానాం వాడిని, శివార్లలో ఉంటా. మా ఊరు 1954 దాకా ఫ్రెంచి వాళ్ళదే కదా, మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివారు, ఆయన పరమాన్నాన్ని ఎప్పుడూ రీ ఓ లే అనేవారు, మేమేమో ఆయనకి చాదస్తం అనుకునేవాళ్ళం. ఇక్కడికొచ్చి మొదటిసారి మెనూలో ఆ మాట చూసి చెప్పాను. యాలక్కాయ లేదు, జీడిపప్పు లేదు, ఫ్రిజ్‌లోంచి తీసినది, కానీ పరమాన్నమే. అమ్మగారికి అది తప్పకుండా చెప్పించు, కొన్ని చోట్ల గుడ్డు సొన కలుపుతారు గానీ కనపడదు, కేకు రూలు వర్తిస్తుంది.

ఉల్లికారం
ఇంత కష్టం దేనికి, లా షపెల్ (పారిస్‌లో శ్రీలంక తమిళుల పేట) వెళ్తే ఇడ్లీ దోశ మీల్స్ అన్నీ దొరుకుతాయి పది యూరోల్లో

లైన్7_ప్రయాణికుడు
అడిగింది ఫ్రెంచ్ లంచ్ బ్రదర్. రాజమండ్రి నుంచి వచ్చి జాఫ్నా దోశ తినడం ఏం ముచ్చట. ఇంకో పూట వెళ్తారులే.

బడ్జెట్_బాబాయ్
ఎవరూ షార్తియే అనలేదేంటి? బుయ్యోన్ షార్తియే, గ్రాండ్ బూల్వార్ దగ్గర, 1896 నుంచి ఉంది. మెయిన్ 10 నుంచి 15 మధ్య, స్టార్టర్లు అంతకంటే చాలా తక్కువ. పొద్దున 11:30 నుంచి అర్ధరాత్రి దాకా పొయ్యి ఆరదు, కాబట్టి ఆలస్యమైనా పస్తు పడుకోరు. లూవ్ర్ దగ్గర ఎక్కితే మెట్రో లైన్ 7లో నాలుగో స్టేషన్, ల పెల్తియే, అక్కడ్నుంచి ఐదు నిమిషాల నడక.

లైన్7_ప్రయాణికుడు
కావాలనే అనలేదు బాబాయ్. హాలు చూడ్డానికి అద్భుతం, ఎత్తైన గాజు కప్పు, ఇత్తడి రాక్‌లు, కాదనను. తిండి మాత్రం ఏవరేజ్. రిజర్వేషన్ లేదు, క్యూ వీధిలోకి వస్తుంది, మోకాళ్ళ నొప్పి ఆయన్ని నిలబెడతారా?

బడ్జెట్_బాబాయ్
ఏవరేజా?? నీకు లంచ్ కార్డు ఉంది కాబట్టి అలాగే ఉంటుంది 😄 ఈ బుయ్యోన్‌లు పుట్టిందే కూలివాళ్ళ కోసం. 1855 ప్రాంతంలో లే హాల్ బజారు దగ్గర దువాల్ అనే మాంసం కొట్టాయన, ఖరీదైన ముక్కలు అమ్ముడయ్యాక మిగిలినవాటితో వేడి రసం కాచి బజారు కూలీలకి చవగ్గా పోశాడు, బుయ్యోన్ అంటేనే ఆ రసం. అక్కడ ఏవరేజ్‌గా ఉంటేనే అది అసలుది. క్యూ అంటావా, 12 లోపు గానీ, 2 దాటాక గానీ వెళ్తే వేగంగా కదుల్తుంది.
లూవ్ర్‌కి నడక దూరంలోనే ఇంకోటి ఉంది, లే హాల్ వైపు, ల పెతీ బుయ్యోన్ ఫారమోన్. పాత హోటల్, టైల్స్ మీద బొమ్మలు చూసి తీరాలి. అక్కడ బోటీ ఫేమస్, కాన్ అనే ఊరి స్టైల్ బోటీ కూర. మనవాళ్ళలో బోటీ ఇష్టపడే వాళ్ళు... అయితే మేక కాదు, గొడ్డు బోటీ, అది చూసుకోండి.

చార్మినార్_చౌరస్తా
బాబాయ్ ముందుగాల చెప్పినవ్ సంతోషం, నాకు ఒక్క సారి అయింది చాలు 🙏

కూరగాయల_కమల
డబ్బుల దగ్గర రెండు మాటలు. నీళ్ళు అడిగితే "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్" అంటారు, రెండూ బాటిళ్ళే, 6 యూరోలు. "యూన్ కరాఫ్ దో" అను, కుళాయి నీళ్ళు జగ్గులో తెస్తారు, ఫ్రీ, ఇవ్వాలని రూలే ఉంది. రొట్టె కూడా ఫ్రీ, అయిపోతే మళ్ళీ తెస్తారు. టిప్ బిల్లులోనే కలిసుంటుంది, కార్డు మెషీన్ ఇంగ్లీషులో 10, 15, 20 శాతం అని అడిగితే సున్నా నొక్కి లేచిరా, మొహమాటపడకు, నచ్చితే ఒకటో రెండో నాణేలు వదులు. లోపలికి అడుగు పెట్టగానే ముందు బొంజూర్, అది చెప్పకుండా "త్రీ పీపుల్" అన్నావంటే వాళ్ళ మొహం మాడిపోతుంది. బిల్లు అడిగితే తప్ప తేరు. అది నిర్లక్ష్యం కాదు, లేచి పొమ్మన్నట్టు ఉంటుందని.

సైలెంట్_రీడర్_77
ఒక్క మాట. బుధ, శుక్రవారాలు లూవ్ర్ రాత్రి 9 దాకా ఉంటుంది. మేము శుక్రవారం 12కి వెళ్ళి మొదట ఫోర్ముల్ తినేసి (21 యూరోలు, చేప, గ్రాతాన్, క్రీమ్ కారమెల్) 2:30 స్లాట్‌కి వెళ్ళాం. కడుపు నిండి ఉంటే మోనాలిసా దగ్గర జనం మీద కోపం కూడా రాదు. మంగళవారం పూర్తిగా మూత.

పెసరట్టు_ఉప్మా
ఇది ముందే తెలిస్తే శుక్రవారం తీసేవాడిని, టికెట్ మార్చడం కుదర్లేదు. పలకల వీధికే వెళ్తా, 12:30కి బయటపడతాం. వచ్చాక చెప్తా.

పెసరట్టు_ఉప్మా (పది రోజుల తర్వాత)
వచ్చాం. 12:30కి బయటపడలేదు 😔

నాన్న హమ్మురాబి శాసనం రాయి దగ్గర అతుక్కుపోయారు. ఆయన కోర్టులో గుమాస్తాగా చేశారు లెండి, "నాలుగు వేల ఏళ్ళ కిందట సెక్షన్లు చూడరా" అని రాయి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. బయటికొచ్చేసరికి 1:45. తోట దాటి పెతీ షాం వీధికి చేరేసరికి 2:10. లైన్7 అన్న చెప్పినట్టే పలక, సుద్ద, తుడిచిన మరక కూడా ఉంది, చేప, ఆలుగడ్డ, 22 యూరోలు. బొంజూర్ చెప్పా, ఆవిడా బొంజూర్ చెప్పి, వంటగది వైపు చూసి, చాలా బాధగా మొహం పెట్టి అయిపోయిందంది. ఎదురుగా టేబుల్ మీద ఎవరో సగం తిన్న ఆ చేప కనపడుతూనే ఉంది.

అమ్మ అక్కడే నిలబడి "పులిహోర తెచ్చుకుని ఉంటే" అంది. ఉల్లికారం గారూ మీరు గెలిచారు.

అప్పుడు బాబాయ్ మాట గుర్తొచ్చి నాన్నని టాక్సీ ఎక్కించి షార్తియేకి వెళ్ళాం. 2:40కి క్యూ ఇరవై నిమిషాలు. నల్ల కోటు, తెల్ల ఏప్రన్ వేసుకున్న పెద్దాయన మమ్మల్ని ఒక ముసలి దంపతుల పక్కన కుర్చోబెట్టాడు, టేబుల్ సగం వాళ్ళది సగం మాది. నాన్న, నేను రోస్ట్ చికెన్, ఫ్రైస్. కమల గారూ, అమ్మకి పోరో వినెగ్రెత్, తురిమిన క్యారెట్, విడిగా ఫ్రైస్. మీరు చెప్పిన వాక్యాలు ఫోన్‌లో చూపిస్తే ఆయన చదివి "లార్దోన్" దగ్గర నవ్వాడు. అమ్మ ఆ కాడ ఒక ముక్క తిని కాసేపు ఆలోచించి "ఆవపిండి కొంచెం ఎక్కువైంది గానీ బానే చేశాడు" అంది, అమ్మ లెక్కలో అది ఫస్ట్ క్లాస్.

చికెన్ నిజంగా ఏవరేజే, అన్న చెప్పింది నిజం. కానీ ఆయన మేం చెప్పినవన్నీ కాగితం టేబుల్ క్లాత్ మీదే రాసుకుని, చివర్లో అక్కడే కూడి బిల్లు వేశాడు, ముగ్గురికీ కలిపి యాభై లోపే. నాన్న జేబులోంచి పెన్ను తీసి ఆ అంకెల కిందే మళ్ళీ తెలుగులో పైకి చదువుతూ కూడారు, పక్కన ముసలాయన ఫోర్క్ ఆపి చూస్తున్నాడు. సరిపోయింది. సరిపోయాక ఆ కాగితం ముక్క నీటుగా చింపి మడత పెట్టి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకున్నారు. రాజమండ్రిలో అందరికీ అదే చూపిస్తారంట, మోనాలిసా ఫోటో కాదు.

బడ్జెట్_బాబాయ్
చెప్పానా 😎

లైన్7_ప్రయాణికుడు
ఏవరేజ్ అని వాడే ఒప్పుకున్నాడు, చదువు సరిగ్గా.

యానాం_గోదారి
రీ ఓ లే సంగతేంటి?

పెసరట్టు_ఉప్మా
మర్నాడు వేరే చోట దొరికింది అన్నా. అమ్మ మొత్తం తినేసి, యాలకులు వెయ్యలేదేంటని నన్నడిగింది, నేను చేసినట్టు.

కొత్త_పెళ్ళికొడుకు
సూపర్ థ్రెడ్ అండి. మాకు కూడా ఇలాగే ఓర్సే మ్యూజియం దగ్గర చెప్తారా? వచ్చే సోమవారం వెళ్తున్నాం.

లైన్7_ప్రయాణికుడు
ఓర్సే సోమవారం మూత. ముందు ఏ రోజో తేల్చుకుని కొత్త థ్రెడ్ వెయ్యి.